ట్రాక్టరు ముందు పుల్లీ: ఊడదీయడం, తిరిగి బిగించడం



దమ్ములు ముగిసి నాట్లు పడ్డాయంటే ట్రాక్టరుకు కొద్దిగా తీరిక దొరుకుతుంది. ఇనుప చక్రాలు కట్టుకుని రాత్రింబవళ్లు బురదలో తిరిగిన బండిని ఆ సమయంలో ఒకసారి ముందునుంచి వెనుకదాకా చూసుకోవడం మంచిది. సాధారణంగా మనవాళ్లు టైర్లు చూస్తారు, ఆయిలు చూస్తారు, నాగలి కర్రులు చూస్తారు. రేడియేటరు కిందికి వంగి చూసేవారు మాత్రం తక్కువ. అక్కడ ఎవరి కంటా పడకుండా తిరిగే చక్రం ఒకటి ఉన్నది. దాన్ని గురించే ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతూ ఉంటాయి గదా. ఆ ఆటను గుండ్రంగా తిరిగే బలంగా మార్చే ఇరుసు పేరు క్రాంక్‌షాఫ్టు. మనం క్రాంకు అంటాము. దాని వెనుక కొన క్లచ్చి ద్వారా, గేరుపెట్టె ద్వారా చక్రాలను తిప్పుతుంది. ముందు కొన ఇంజను ముందు మూతలోనుంచి ముక్కులాగా కొద్దిగా బయటికి వస్తుంది. ఆ ముక్కుకు బిగించినదే క్రాంకు పుల్లీ. దీని మీదినుంచి పోయే బెల్టు ఫ్యానునూ, నీటి పంపునూ, బ్యాటరీకి కరెంటు ఎక్కించే డైనమోనూ తిప్పుతుంది. బెల్టు ఆగితే ఇంజనులో నీరు తిరగదు, రేడియేటరుకు గాలి ఆడదు. ఇంజను కాగిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ పుల్లీని ఊడదీసే అవసరం ఎప్పుడు వస్తుంది? ముఖ్యంగా దాని వెనుకనున్న ఆయిలు సీలు పాడైనప్పుడు. క్రాంకు ముక్కు బయటికి వచ్చే చోట ఆయిలు కారకుండా పట్టి ఉంచే రబ్బరు పెదవే ఆయిలు సీలు. దమ్ములో బురద, గడ్డిపోచలు, ప్లాస్టిక్ తాడు ముక్కలు పుల్లీ వెనుక చుట్టుకుని ఈ పెదవిని కోస్తాయి. అప్పుడు ఆయిలు చుక్కచుక్కగా కారడం మొదలుపెడుతుంది. ఇవిగాక పుల్లీ అంచు విరిగినా, ఊగుతూ తిరిగినా దాన్ని తీయక తప్పదు.

ఇక్కడ నా తప్పు ఒకటి మీతో చెప్పుకోవాలి. చెప్పకపోతే మిగతా మాటలకు విలువ ఉండదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, డిప్లొమా చేతికి వచ్చిన వేడి ఇంకా తగ్గని రోజుల్లో, ఒక పెద్ద రైతు కబురు పెట్టారు. ఆయన ట్రాక్టరు ముందు ఆయిలు కారుతున్నది. కాలువ వంతు రెండు రోజుల్లో దాటిపోతుంది. ఆయన పొలమే గాక ఇరుగుపొరుగు నలుగురి దమ్ము కూడా ఆ బండి మీదే ఆధారపడి ఉన్నది. పుల్లీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పుల్లరు తెచ్చే మెకానిక్కు మర్నాడు ఉదయం వస్తానన్నాడు.

"ఈమాత్రానికి మెకానిక్కు ఎందుకు బాబాయి గారూ!" అని నేనే గడ్డపార అడిగాను. పుల్లీ అంచు వెనుక గడ్డపార దూర్చి ఎత్తాను. పక్కనున్న కుర్రవాణ్ణి సుత్తితో రెండు దెబ్బలు వెయ్యమన్నాను. రెండో దెబ్బకు పుల్లీ అంచు నెలవంకలాగా విరిగి కింద పడింది. గడ్డపార ఆనిన చోట ఇంజను మూత సొట్టపోయింది.

కొత్త పుల్లీ, కొత్త మూత వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా నీటి వంతు దాటిపోయింది. నారు ముదిరి కణుపు కట్టింది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రైతు నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మీరు మంచికే చేశారు బాబూ, నా రోజు బాగాలేదు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉన్నది. బాగాలేనిది ఆయన రోజు కాదు, నా పద్ధతి.

అందుచేత మొదట ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. క్రాంకు పుల్లీ సుత్తితో వచ్చేదీ కాదు, సుత్తితో ఎక్కేదీ కాదు. తిన్నని లాగుడుతో రావాలి, లెక్క ప్రకారం బిగింపుతో నిలవాలి.

సుత్తి ఎందుకు పనికిరాదంటే, క్రాంకు ముందుకూ వెనక్కూ జరగకుండా లోపల థ్రస్టు వాషర్లనే పలుచని బిళ్లలు ఉంటాయి. అక్కడ వదిలే సందు మిల్లీమీటరులో కొన్ని పదోవంతులు మాత్రమే. ముక్కు మీద కొట్టిన ప్రతి దెబ్బా నేరుగా ఆ బిళ్లలకే తగులుతుంది. ఇక పుల్లీ సంగతి. చాలావాటిని పోత ఇనుముతో చేస్తారు. పోత ఇనుము బరువును మోస్తుంది గాని దెబ్బకు ఓర్వదు. వంగడం దానికి తెలియదు, విరగడమే తెలుసు.

ఇప్పుడు పని ఎట్లా చెయ్యాలో వరుసగా చూద్దాం.

మొదటిది, ఆయిలు ఎక్కడినుంచి కారుతున్నదో నిర్ధారణ చేసుకోవడం. పైనున్న మూతల దగ్గర కారిన ఆయిలు కూడా జారి జారి పుల్లీ దగ్గరే బొట్టుగా పడుతుంది. నేరం ఒకచోట, నింద ఇంకొకచోట. ఇంజను ఆపి, చల్లారిన తరువాత ఆ భాగమంతా కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడవండి. తరువాత పది నిమిషాలు ఇంజను నడిపి, ఆపి, తడి ఎక్కడ మొదలైందో చూడండి. ఇంజను తిరుగుతుండగా వేలు పెట్టి చూడవద్దు. అట్లాగే బ్రీదరు గొట్టం పూడుకుపోయిందేమో పరీక్షించండి. ఇంజను అడుగున చేరిన ఆవిరిని బయటికి వదిలే గొట్టం అది. అది పూడుకుంటే లోపలి ఒత్తిడి పెరిగి మంచి సీలు నుంచి కూడా ఆయిలు తన్నుకొస్తుంది. ఆయిలు గీత దాటి ఎక్కువ పోసినా ఇబ్బందే. గొట్టం శుభ్రం చేస్తే పోయే జబ్బుకు పుల్లీ తీయడం ఎందుకు?

రెండవది, జాగ్రత్తలు. బండిని చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు ముందూ వెనుకా మొద్దులు అడ్డం పెట్టండి. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. డీజిలు ఆపే పిడి లాగి ఉంచండి. బ్యాటరీకి భూమి తీగ, అంటే చాలా బండ్లలో మైనసు వైపు తీగ, మొదట విప్పండి. పని మధ్యలో పిల్లవాడెవడో స్టార్టరు నొక్కితే వేళ్లు ఉండవు. ఇంజను పూర్తిగా చల్లారాలి. పంచె కొంగు, తువ్వాలు, చీర కొంగు, చేతి గాజులు, మెడలో తాడు, వీటన్నిటినీ బెల్టుకు దూరంగా ఉంచాలి.

మూడవది, దారి చేసుకోవడం. డైనమో సర్దుబాటు బోల్టు వదులు చేసి, దాన్ని లోపలికి నెట్టి బెల్టు తియ్యండి. స్క్రూడ్రైవరుతో బెల్టును అంచు మీదినుంచి ఎత్తి లాగితే బెల్టూ చెడుతుంది, అంచూ చెడుతుంది. తీసే ముందు బెల్టు ఏ పుల్లీ మీదినుంచి ఎట్లా పోయిందో చేతి ఫోనులో ఫొటో తీసుకోండి. ఆనాటి మేస్త్రీలు సుద్దముక్కతో గుర్తులు పెట్టుకునేవారు. ఈనాడు మనకు అంతకంటే సులువైన సాధనం ఉన్నది.

కొన్ని బండ్లలో పుల్లీ బయటికి రావడానికి రేడియేటరు తీయాలి. అప్పుడు లోపలి నీటిని శుభ్రమైన పాత్రలోకి పట్టుకోండి. ఆ నీటిలో కూలెంటు కలిపి ఉంటే అది విషం. రుచికి తియ్యగా ఉంటుంది గనుక పశువులు, కుక్కలు తాగుతాయి. నేలమీద పారబోయకూడదు, మూతలేని బకెట్లో వదిలిపెట్టకూడదు. మరికొన్ని బండ్లలో ముందు ఇరుసు మోసే దిమ్మనే విడదీయాలి. అది చెట్టు కింద చేసే పని కాదు. ఇంజను బరువు నిలబెట్టే సాధనాలున్న వర్కుషాపుకు పంపండి.

నాలుగవది, నడిమి బోల్టు విప్పడం. బోల్టు తిప్పితే క్రాంకు కూడా తిరుగుతుంది గనుక దాన్ని కదలకుండా పట్టాలి. బండిని పై గేరులో పెట్టి, ఒక మనిషి రెండు బ్రేకులూ కలిపి గట్టిగా తొక్కి ఉంచాలి. పై గేరే ఎందుకు? కింది గేరులో ఇంజను తిప్పుడు చక్రాల దగ్గరికి వచ్చేసరికి చాలా రెట్లు పెరిగి బ్రేకును ఓడిస్తుంది. పై గేరులో అంతగా పెరగదు, కాబట్టి బ్రేకు పట్టు నిలుస్తుంది. ఫ్లైవీలు పళ్లలో పట్టే సాధనం ఉంటే ఇంకా మంచిది. ఫ్యాను రెక్కల్లో కర్ర దూర్చడం, పుల్లీలో ఇనుప కడ్డీ దూర్చడం తప్పు. కొందరు పానాను చాసీకి ఆనించి స్టార్టరు ఒక్కసారి కొట్టి బోల్టు వదులు చేస్తారు. పానా ఎగిరి వచ్చి మనిషికి తగిలే పని అది. చెయ్యకండి.

బోల్టుకు సరిగ్గా పట్టే బాక్సు పానా వాడండి. పొడుగు పిడి వేసి నిదానంగా లాగండి. మామూలుగా ఇది ఎడమకు తిప్పితే విడుతుంది. మీ బండి పుస్తకంలో వేరుగా చెప్పి ఉంటే ఆ ప్రకారం చెయ్యండి.

అయిదవది, పుల్లీని లాగడం. పుల్లీ ముఖాన రెండో మూడో మరల రంధ్రాలు ఉంటాయి. అవి తయారుచేసినవాడు పుల్లరు కోసమే పెట్టినవి. పుల్లరు బోల్టులను వాటిలో నిండుగా, సమానంగా ఎక్కించండి. నడిమి మర క్రాంకు ముక్కుకు ఆనే చోట ముక్కులోని మరలు చెడకుండా తగిన బిళ్ల పెట్టండి. ఇక నడిమి మరను కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే పుల్లీ తిన్నగా ముందుకు వస్తుంది. రాకపోతే తుప్పు విడిచే నూనె వేసి ఆగండి. రాత్రంతా నాననిచ్చినా నష్టం లేదు. గ్యాసు మంట పెట్టి కాల్చవద్దు. సీలు మాడిపోతుంది. ఊడివచ్చేటప్పుడు పుల్లీ ఒక్కసారిగా చేతిమీద పడుతుంది గనుక కింద కాళ్లు పెట్టకండి.

మూడు కాళ్ల పుల్లరును బయటి అంచుకు తగిలించి లాగడం కూడా ప్రమాదమే. జీపు, కారు ఇంజన్లలోనూ, కొన్ని పెద్ద ట్రాక్టర్లలోనూ పుల్లీ ఒకే ముక్క కాదు. లోపల ఒక ఇనుప చక్రం, బయట ఒక ఇనుప కట్టు, నడుమ రబ్బరు. ఇంజనులో పేలుడు జరిగినప్పుడల్లా క్రాంకు కొద్దిగా మెలిపడి మళ్లీ సర్దుకుంటుంది. ఆ మెలికల వణుకును ఈ రబ్బరు మింగుతుంది. బయటి కట్టును పట్టి లాగితే రబ్బరు తెగుతుంది. రబ్బరు పగిలిన పుల్లీ పైకి బాగానే కనిపిస్తుంది గాని, కట్టు జారి దాని మీది గుర్తులు తప్పు చెబుతాయి. అటువంటిదాన్ని మార్చవలసిందే.

ఆరవది, పుల్లీ బయటికి వచ్చిన తరువాత చూడవలసినవి. క్రాంకు ముక్కు మీద గాడిలో చిన్న ఇనుప కీ ఉంటుంది. కొన్నింటిలో అది అర్ధచంద్రాకారంగా ఉంటుంది. అది బురదలో పడితే వెతకడం కష్టం. ముందుగానే కింద గుడ్డ పరచండి. కీ అంచులు నలిగినా, గాడిలో ఆడుతున్నా కొత్త కీ వెయ్యండి. గాడి వెడల్పయిపోతే మెకానిక్కుకు చూపించక తప్పదు.

తరువాత పుల్లీ మెడ. సీలు పెదవి ఆనే చోట గోటితో గీకి చూడండి. గోరు తట్టే గీత పడితే ఎంత కొత్త సీలు వేసినా మళ్లీ కారుతుంది. పుల్లీ మార్చాలి, లేదా మెడకు పలుచని తొడుగు వేయించాలి. కొత్త సీలు దిగగొట్టేటప్పుడు సన్నని తీగ చుట్టిన పెదవి లోపలికి, అంటే ఆయిలు వైపుకు ఉండాలి. సీలు అంతా ఆనే చెక్క బిళ్ల పెట్టి, నాలుగు వైపులా మెల్లగా తట్టి సమంగా దింపండి. పెదవికి కొద్దిగా ఇంజను ఆయిలు రాయండి. ఎండు పెదవి మొదటి తిప్పుడులోనే కాలిపోతుంది.

ఏడవది, తిరిగి బిగించడం. అసలైన మెలకువ అంతా ఇక్కడే ఉన్నది. ముక్కునూ, పుల్లీ రంధ్రాన్నీ శుభ్రంగా తుడిచి, కీని గాడిలో కూర్చోబెట్టి, గాడికి గాడి చూసి పుల్లీని చేతితో నెట్టండి. బిగువుగా ఉంటే సుత్తి ఎత్తవద్దు. అదే మర ఉన్న పొడుగు బోల్టునూ, మందపాటి వాషరునూ వేసి మెల్లగా లోపలికి లాగండి. అసలు బోల్టు రెండు మూడు మరలు మాత్రమే పట్టి ఉండగా దానితో లాగితే క్రాంకులోని మరలు ఊడిపోతాయి. పుల్లీ పూర్తిగా కూర్చున్న తరువాత అసలు బోల్టు వెయ్యండి. బోల్టు మరలకు ఆయిలు రాయాలా, పొడిగా ఉంచాలా, కొత్త బోల్టే వాడాలా అన్నది పుస్తకం చెబుతుంది. ఆ ప్రకారమే చెయ్యాలి.

ఎంత బిగించాలి? "చేతికి వచ్చినంత" అనేది జవాబు కాదు. ప్రతి ఇంజనుకూ ఒక లెక్క ఉన్నది. ఒక మీటరు పొడవు పిడి చివర 10 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే తిప్పుడు 10 కిలోగ్రాము-మీటర్లు. దాన్నే న్యూటన్-మీటర్లలో సుమారు 98 అంటారు. పిడి అర మీటరే అయితే అదే బిగింపుకు 20 కిలోల లాగుడు కావాలి. పుస్తకంలో అంకె ఏ కొలతలో ఉన్నదో చూసుకోండి. ఒక కొలతను ఇంకొక కొలతగా చదివితే బోల్టు తెగుతుంది. ఈ లెక్క చూపించే టార్కు పానా మెకానిక్కు దగ్గర ఉంటుంది.

వదులుగా ఉంటే ఏమవుతుందో కూడా చెబుతాను. పుల్లీని క్రాంకుతోపాటు తిప్పేది ముఖ్యంగా బోల్టు బిగింపే. కీ చేసే ముఖ్యమైన పని పుల్లీని దాని చోట నిలపడం. బిగింపు సడలితే భారమంతా ఆ చిన్న కీ మీద పడుతుంది. మూడు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, రెండు చుట్లకు ఒకసారి చొప్పున ఒక్కొక్క సిలిండరులో 1000 పేలుళ్లు, మొత్తం 3000 పేలుళ్లు. అంటే నిమిషానికి 3000 కుదుపులు. గంటకు లక్షా ఎనభై వేలు. చిన్న కీ ఎన్ని గంటలు ఓరుస్తుంది? కీ నలుగుతుంది, గాడి వెడల్పవుతుంది. గాడి చెడితే క్రాంకుకే ముప్పు. ఒక్క బోల్టు బిగింపులో అశ్రద్ధ చేస్తే ఇంజను మొత్తం విప్పవలసి వస్తుంది.

ఎనిమిదవది, చివరి పరీక్ష. బెల్టు వేసి, పుల్లీలన్నీ ఒకే వరుసలో ఉన్నవో లేదో దారం పట్టి చూడండి. బెల్టు నడుమ బొటనవేలితో నొక్కితే పుస్తకంలో చెప్పినంతే దిగాలి. చాలావాటికి అది అర అంగుళం అటూ ఇటూ ఉంటుంది. రేడియేటరు తీసి ఉంటే నీరు నింపండి. గేరు న్యూట్రలులో పెట్టి, పానాలన్నీ లెక్క చూసుకుని, ఆ తరువాతే బ్యాటరీ తీగ తగిలించండి. ఇంజను నిదానం మీద నడిపి, బెల్టుకు ఎదురుగా కాక పక్కగా నిలబడి చూడండి. పుల్లీ ఊగకూడదు, చప్పుడు రాకూడదు, ఆయిలు తడి కనిపించకూడదు. మొదటి రోజు పని ముగిసి, ఇంజను చల్లారాక మరొకసారి చూడండి.

ఈ పని అందరూ స్వయంగా చెయ్యాలని నేను అనను. మెకానిక్కు చేతనే చేయించండి. కాని పక్కన నిలబడి మూడు ప్రశ్నలు అడగండి. పుల్లరు తెచ్చారా? కీ చూశారా? బోల్టు ఏ లెక్కకు బిగిస్తారు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగినవారి చేతిలో మీ ఇంజను క్షేమంగా ఉంటుంది. అడిగినందుకు మంచి మెకానిక్కు కోపగించుకోడు.

నా తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. మనం పల్లెకు పోయినప్పుడు మన మాటను రైతు నమ్ముతాడు. తెలియని పనిలో ధైర్యం చెప్పడం కంటే "రేపు మెకానిక్కు వచ్చేదాకా ఆగండి" అని చెప్పడమే సాయం. అద్దె యంత్రాల కేంద్రం ఉన్న ప్రతి ఊళ్లో ఒక పుల్లరు, ఒక టార్కు పానా ఉండేటట్లు రైతు సంఘాలకు నచ్చజెప్పండి. నలుగురూ కలిసి కొంటే ఎవరికీ బరువు కాదు. ఆసక్తి ఉన్న యువకులను అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థకు పంపే ప్రయత్నం చెయ్యండి. ఊరికి చెయ్యి తిరిగిన మనిషి ఒక్కడున్నా దమ్ముల కాలంలో ఎంతో మేలు.

ఆనాడు నేను మర్నాటి ఉదయందాకా ఆగి ఉంటే ఆ రైతు నారు ముదిరేది కాదు. ఒక్క రాత్రి ఓర్చుకోలేక తొమ్మిది రోజులు పోగొట్టాను. మీరు ఆ పొరపాటు చెయ్యరని నమ్ముతున్నాను.